మీకు తెలుసా? ఊపిరితిత్తులు కడిగిన నీళ్లలో జబ్బు ఆనవాళ్లు
ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు మందమై, నాలుగు మెట్లెక్కితే ఆయాసం తెప్పించే జబ్బులు వందకు పైగా ఉన్నాయి. అందులో ఏదో తేల్చడానికి డాక్టర్లు సన్నని బ్రాంకోస్కోపు గొట్టం పంపి, 100 నుంచి 300 మిల్లీలీటర్ల సెలైన్ విడతలుగా వదిలి, వెంటనే వెనక్కి లాగుతారు. ఆ ద్రవంలోని కణాలను మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. పొగతాగని ఆరోగ్యవంతుల్లో 85 శాతానికి పైగా మాక్రోఫేజులనే రోగనిరోధక కణాలే ఉంటాయి. లింఫోసైట్లు 10-15 శాతం. అవి 50 శాతం దాటాయంటే, పావురాల రెట్టల ధూళో కూలర్‌లో పట్టిన బూజో పడక వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌ను గట్టిగా అనుమానించాలి. ఇయోసినోఫిల్స్ మామూలుగా 1 శాతం మించవు. 25 శాతానికి చేరితే వేరే జబ్బును అనుమానించాలి. ఈ లెక్క ఒక్కటే చూసి జబ్బు పేరు చెప్పేయరు. హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌నూ, ఇంట్లో పావురాలున్నాయా అన్న ప్రశ్నకు రోగి ఇచ్చే జవాబునూ పక్కన పెట్టుకునే చూస్తారు.