‘ఏకవీర’ సినిమాతో నవల చదివించడం: మా ఆదివారం తరగతి అనుభవం

మా సంఘం ఆదివారం తరగతికి వచ్చే పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. 2006లో తమిళనాడు ప్రభుత్వం చట్టం తెచ్చి బడుల్లో తమిళం తప్పనిసరి చేశాక, తెలుగు అక్షరాలు నేర్పే పని చాలావరకు ఇళ్ల మీదా సంఘాల మీదా పడింది. కూడబలుక్కుని చదివే పిల్లలకు నవల ఎలా చెప్పాలి? సినిమాతో మొదలుపెట్టాం.

ఎంచుకున్నది ‘ఏకవీర’. విశ్వనాథ సత్యనారాయణగారి నవల. 1969లో సి.ఎస్. రావుగారి దర్శకత్వంలో, సి. నారాయణరెడ్డిగారి మాటలతో సినిమాగా వచ్చింది. కథ జరిగేది నాయకరాజుల కాలపు మదురైలో. మనలో చాలామంది పూర్వీకులు విజయనగర, నాయకరాజుల కాలంలోనే ఈ వైపు వచ్చారు కదా. వైగై పేరు వినగానే పిల్లలు నిటారుగా కూర్చున్నారు. తెలుగు కథలో ఈ నది ఉంటుందని వాళ్లు అనుకోలేదు.

మొదటిసారి తప్పు చేశాం. సినిమా మొత్తం ఒకే రోజు వేసేశాం. కథలో స్నేహితులెవరని తర్వాత అడిగితే ఒక అబ్బాయి ‘ఎన్.టి. రామారావు’ అన్నాడు. నవ్వుకున్నాం గాని, తప్పు వాడిది కాదు. మేము చూపించింది నటుణ్ణే.

రెండోసారి పద్ధతి మార్చాం. ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకరు ప్రేమించిన అమ్మాయి మరొకరికి భార్య అవుతుంది. ఈ ముడి అర్థమయ్యేదాకా వేసి, అక్కడ ఆపేశాం. “ఇప్పుడు ఈ మనిషి మనసులో ఏముంది?” అని అడిగాం. తెర మీద ముఖం కనిపిస్తుంది, లోపలి బాధ అంతా కనిపించదు. నవలకు బలమే ఆ నలుగురి మనోవేదన. అలాంటి ఒక్క పేజీ పెద్ద అక్షరాల్లో జిరాక్సు తీయించి పంచాం. ఒకరు మెల్లగా చదువుతుంటే పిల్లలు అక్షరాల మీద వేలు పెట్టి వెంట వచ్చారు. పెద్ద సమాసం వస్తే ఆగి ఇంటి మాటలో చెప్పాం. విశ్వనాథవారి భాష తేలిక కాదు. రోజుకు పది వాక్యాలు దాటితే పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు.

గుమాస్తాగిరీ చేసినవాళ్లం, రిజిస్టరు లేనిదే మాకు తోచదు. ఏ పిల్ల ఎన్ని వాక్యాలు సొంతంగా చదివిందో అందులో రాస్తున్నాం. సినిమా ఎన్ని నిమిషాలు వేశామో రాయడం లేదు.

తర్వాత ‘కన్యాశుల్కం’. గురజాడవారి నాటకం 1897లో అచ్చయింది, సినిమా 1955లో వచ్చింది. నాటకంలో విజయనగరం వైపు జనం మాట్లాడే తెలుగే ఉంటుంది. టీవీలో వచ్చేదే అసలు తెలుగనీ, తమ అవ్వ మాట్లాడేది తప్పనీ అనుకునే పిల్లలకు అది వినిపించాలని మా కోరిక. ఈసారి పిల్లలతో అవ్వాతాతలనూ పంపండి. కుర్చీలు సరిపోకపోతే చాపలున్నాయి.