నేలలో నాటిన చేతులు

సావనీరుకు ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, బి.ఎస్సీ. వాణ్ణి గనుక ఏ అణువుల గురించో రాస్తాననుకొని ఉంటారు. నేను రాస్తున్నది ఒక కళాఖండం గురించి. కళలో నాకు ప్రవేశం లేదు. అయితే దాని వెనకాల ఉన్నది భూమి తగాదా. సేద్యగాడి బిడ్డను కాబట్టి ఆ సంగతి మాత్రం నాకు కొంత తెలుసు.

1997 అక్టోబరు 12వ తేదీన ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో, పార్లమెంటు భవనం ఎదుట పచ్చిక మీద దాదాపు 70,000 ప్లాస్టిక్ చేతులను వరినారు నాటినట్టు నాటారు. వాటి రంగులు ఆదిమవాసుల పతాకంలోని నలుపు, ఎరుపు, పసుపు. టోరెస్ జలసంధి ద్వీపవాసుల పతాకంలోని ఆకుపచ్చ, నీలం, తెలుపు. ఒక్కొక్క చేయి ఒక్కొక్క పౌరుడు చేసిన సంతకానికి గుర్తు. సంతకాలు చేసినవారిలో ఎందరో తెల్లవారు. దీనికి 'చేతుల సాగరం' అని పేరు. ఆంటార్ అనే పౌరసంస్థ పూనుకొని చేసిన పని ఇది. దీన్ని ఒక్క కళాకారుడి సృష్టి అనడానికి వీల్లేదు. సంతకం పెట్టినవారూ, నేలలో చేతులు గుచ్చినవారూ అందరూ కర్తలే.

ఇంతకీ సంతకాలు దేనికి? 1788లో ఆంగ్లేయులు వలస వచ్చి దిగేనాటికి ఆదిమవాసులు ఆ ఖండంలో కనీసం 50 వేల ఏళ్లుగా ఉంటున్నారు. అయినా అది 'ఎవరిదీ కాని నేల' అన్నట్టుగానే చట్టం నడిచింది. ముర్రే దీవికి చెందిన ఎడ్డీ మాబో, ఆయన తోటివారూ 1982లో కోర్టుకెక్కారు. 1992 జూన్ 3న హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) ఆ వాదాన్ని కొట్టివేసి, ఆదిమవాసుల భూమిహక్కును ఒప్పుకొంది. తీర్పు వినడానికి మాబో లేడు. అదే సంవత్సరం జనవరిలో కన్నుమూశాడు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. ప్రభుత్వం పశువుల మేతకని కౌలుకిచ్చిన భూములు ఆ దేశంలో సుమారు 40 శాతం. ఆ కౌలుతో ఆదిమవాసుల హక్కు పోయినట్టేనా? 'విక్' కేసులో 1996 డిసెంబరు 23న నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు నిలిచి తీర్పు వచ్చింది: పోనక్కరలేదు, రెండు హక్కులూ ఒకే నేల మీద ఉండవచ్చు, రెంటికీ పొత్తు కుదరని చోట కౌలుదారు హక్కుదే పైచేయి. అయినా పశువుల పెంపకందారులు భయపడ్డారు. ప్రభుత్వం చట్టాన్ని సవరించి ఆ హక్కును కుదించబోయింది. దానికి జవాబే ఈ చేతులు.

ఇదంతా చెబితే మా నాయన మొదట అడిగిన మాట, "మరి సేద్యం చేసేవాడి గతేంరా?" అని. న్యాయమైన ప్రశ్నే. మా చేలో వేపచెట్టు కింద ఒక రాయి ఉంది. ఏటా నాలుగు యానాది కుటుంబాలు వచ్చి అక్కడ పొంగళ్లు పెట్టుకొని పోతాయి. పట్టా మా తాత పేరిట ఉంది, ఆయన వేలిముద్రతో సహా. వాళ్ల రాకపోకలకు ఏ కాగితమూ లేదు. వాళ్లు వచ్చినందువల్ల మా వేరుశనగ దిగుబడి ఏనాడూ తగ్గలేదు. విక్ తీర్పు చెప్పింది ఇంచుమించు ఇదేనని నాకు అర్థమైంది.

చేతులు గెలిచాయా అంటారా? వెంటనే గెలవలేదు. 1998లో సవరణ చట్టమైపోయింది. కానీ జనం ఊరుకోలేదు. 2000 మే 28న సిడ్నీ హార్బర్ వంతెన మీద సుమారు రెండున్నర లక్షలమంది సయోధ్య కోరి నడిచారు. తల్లిదండ్రుల దగ్గరనుంచి లాక్కుపోయిన ఆదిమవాసుల పిల్లల విషయంలో, 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అంతమాత్రాన కథ కంచికి పోలేదు. ఆదిమవాసుల సలహా మండలికి రాజ్యాంగంలో చోటివ్వాలన్న ప్రతిపాదనను 2023 అక్టోబరు 14న ఓటర్లలో నూటికి అరవైమంది తిరస్కరించారు.

అలాంటప్పుడు ఈ కళ వల్ల ఏం లాభమని మీరడగవచ్చు. చట్టాన్ని అది ఆపలేదు, నిజమే. కానీ కాగితం మీది సంతకాన్ని బీరువాలో పెట్టి మరచిపోవచ్చు. అదే సంతకం గుమ్మం ముందు చేయై లేచి నిలబడితే, చూడనట్టు దాటిపోవడం ఏ ఏలికకైనా కష్టం. పక్కవాడి నొప్పికి తానూ పూచీ అని ఒప్పుకోవడం సయోధ్యలో మొదటి మెట్టు. ఆ మెట్టును ఆనాడు వేలమంది కలిసి ఎక్కారు.

అడవిపందుల బెడదకు ఈ ఏడు మా చేనికి కంచె వేయిస్తున్నాం. వేపచెట్టు వైపు ఒక దారి వదిలి తడిక పెడదామని సెలవుల్లో మా నాయనతో అన్నాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. "చూద్దాంలే" అన్నాడు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మళ్లీ అడుగుతాను.