మేస్త్రీ పనికీ ఓ పెద్ద చదువు

దుత్తలూరు: పొగాకు ఆకు కోతల రోజుల్లో పాతికమంది కూలీలను పోగుచేసి పొలానికి తీసుకుపోయే మేస్త్రీకి ఎన్ని సంగతులు తెలియాలి! ఎవరి చేయి వాటం ఎలాంటిది, ఎవరికి నడుము నొప్పి, ఎవరికీ ఎవరికీ మాటల్లేవు, ఎవరి దగ్గర ఎంత అడ్వాన్సు ఉంది... ఇవన్నీ ఆయన నోటిలెక్కే. రైతు ఒక మాట తూలితే కూలీలు లేచిపోకుండా చూడాలి. కూలీలు గట్టు మీద కూర్చుంటే రైతుకు సర్దిచెప్పాలి. ఇదంతా ఏ బడిలో నేర్చుకున్నావయ్యా అంటే మేస్త్రీ నవ్వి ఊరుకుంటాడు.

విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఈ పనికి డిగ్రీ తర్వాత రెండేళ్ల చదువుంది. దాని పేరు మానవ వనరుల నిర్వహణ. కుర్రకారు నోట హెచ్.ఆర్.

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో పిల్లవాడు 'హెచ్.ఆర్. చదువుతా' అంటే ఇంట్లో వాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు. డాక్టరంటే తెలుసు, టీచరంటే తెలుసు, సాఫ్ట్‌వేరంటే ఈమధ్య తెలిసింది. మనుషులను చూసుకోవడానికి చదువెందుకు? పైగా ఫీజు కట్టాలంటే రెండు బర్రెలో, అరెకరం చేనో కదిలించాలి. ఆ తల్లిదండ్రులు అడిగేది అడగవలసిన ప్రశ్నే.

పేర్లు మారుతూ వచ్చాయి

ఈ చదువు నిన్న మొన్న పుట్టింది కాదు. 1936లో టాటాల ట్రస్టు బొంబాయిలో పెట్టిన సాంఘిక సేవా పాఠశాల, 1949లో జెసూట్ ఫాదర్లు జంషెడ్‌పూర్‌లో నెలకొల్పిన ఎక్స్.ఎల్.ఆర్.ఐ. దీనికి పాత చిరునామాలు. మన దగ్గర విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక సంబంధాలు, సిబ్బంది నిర్వహణ అనే పేరుతో నడిచిన కోర్సు తర్వాత హెచ్.ఆర్. అయింది. కార్మిక సంక్షేమం, సిబ్బంది నిర్వహణ, పారిశ్రామిక సంబంధాలు, మానవ వనరులు... యూజీసీ నెట్ పరీక్షలో ఇవన్నీ కలిపి ఒకే సబ్జెక్టు.

పేరు కొత్తది కావడంలో ఓ తెలుగువాడి చేయి ఉంది. అహ్మదాబాదు ఐ.ఐ.ఎం.లో ఆచార్యుడిగా ఉన్న టి.వి.రావు, ఉదయ్ పారీక్‌తో కలిసి 1970ల మధ్యలో లార్సన్ అండ్ టూబ్రో కంపెనీకి మానవ వనరుల అభివృద్ధి విభాగాన్ని రూపొందించారు. అంతదాకా సిబ్బంది ఆఫీసంటే హాజరు పట్టీ, మెమోల కట్ట. పనివాడు ఏం నేర్చుకుంటున్నాడు, ఎంత ఎదుగుతున్నాడు అన్నది కూడా ఆ ఆఫీసు చూడాలన్నారు వీరు. 1985లో కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ ఏర్పడి, పి.వి.నరసింహారావు దానికి తొలి మంత్రి కావడంతో ఆ మాట పల్లెలకూ వినిపించింది. అయితే అది బడులు, కాలేజీలు చూసే శాఖ. 2020లో మళ్లీ విద్యాశాఖ అని పేరు మార్చారు. రెంటినీ ఒకటనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ తరగతుల్లో తరచు వినిపించే మరో పేరు వి.వి.గిరి. రాష్ట్రపతి కాకముందు ఆయన రైల్వే కార్మికుల నాయకుడు, తర్వాత కేంద్ర కార్మిక మంత్రి. తగాదాను ట్రిబ్యునల్‌కు లాగకుండా యజమాని, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవినే వదిలేశారు. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు చెప్పే మాట కూడా అదే కదా!

లెక్క తెలిసినవాడు

ఇక లోపలి పాఠాలు. ఉద్యోగాలకు మనుషులను ఎంచడం, శిక్షణ, జీతాల లెక్కలు, యూనియన్లతో చర్చలు, కార్మిక చట్టాలు. మెట్ట పల్లెలకు పనికొచ్చేవి చివరి మూడూ.

మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 15,000 రూపాయలు తీసుకునే పనివాడినే చూడండి. పీఎఫ్‌కు 12 శాతం, అంటే 1,800 రూపాయలు అతని జీతంలోంచి పోతాయి. యజమానీ అంతే కట్టాలి. అందులో 8.33 శాతం పింఛను ఖాతాకు వెళుతుంది. ఆరేళ్లు చేసి మానేస్తే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలకు 26 రోజుల లెక్కన, గ్రాట్యుటీ 51,923 రూపాయలు రావాలి. అడగడం తెలియక దీన్ని వదిలేసి ఊరికి వచ్చేసేవాళ్లున్నారు.

అడిగినా రానివాళ్లూ ఉన్నారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, కంపెనీ రికార్డులో వెనక. పుట్టినతేదీ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి. అంతటితో పీఎఫ్ డబ్బు ఆగిపోతుంది. చెన్నైకి, హైదరాబాదుకు బస్సు చార్జీలు పెట్టుకుని తిరగాలి. చేరిన రోజే ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడు మన ఇంటిపేర్ల తీరు ఎరిగినవాడైతే ఈ తిప్పలుండవు. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద రాష్ట్రాలు చేసిన సంక్షేమాధికారి నిబంధనల్లో, అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష వచ్చి ఉండాలన్న షరతు ఊరికే పెట్టలేదు.

ఆ చట్టం 500 మంది, అంతకుమించి పనివాళ్లున్న ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండాలంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులు పాత చట్టాలు 29ని కలిపేశాయి. వాటిలో ఈ సంఖ్య 250కి తగ్గింది. పనివాళ్లందరికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు. గడువు ఒప్పందం మీద చేసేవారికి ఏడాదికే గ్రాట్యుటీ అన్నారు. పుస్తకంలో రాసింది పనివాడి చేతికి అందాలంటే ఫ్యాక్టరీలో ఎవరో ఒకరు ఆ పుస్తకం చదివి ఉండాలి.

బోర్డు చూసి చేరితే

ఎం.బి.ఏ. అని బోర్డు కట్టిన ప్రతిచోటా ఇవన్నీ చెబుతారనుకుంటే పొరపాటు. కొన్నిచోట్ల హెచ్.ఆర్. అంటే నాలుగు పేపర్లు, ఒక ప్రాజెక్టు రిపోర్టు. అదీ నిరుటివాళ్లది చూసి రాసేదే. అలా బయటపడినవాడికి దొరికేది రోజంతా ఫోన్లు చేసి ఇంటర్వ్యూలకు మనుషులను పిలిచే పని. నెలాఖరుకు ఇంతమందిని చేర్చాలని లెక్క కూడా పెడతారు. అర ఎకరం అమ్మి చదివించాల్సిన చదువా అది?

చేరబోయే ముందు రెండు సంగతులు కనుక్కుంటే చాలు. కార్మిక చట్టాలు పూర్తి పేపర్లుగా ఉన్నాయా? వారం వారం ఫ్యాక్టరీకో, కార్మిక శాఖ ఆఫీసుకో పంపుతారా? పాత విద్యార్థి ఒకరు దొరికితే ఈ రెంటికీ జవాబు అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. ఇంకో సంగతి: ఈ ఉద్యోగంలో జీతమిచ్చేది యజమాని, న్యాయం అడిగేది పనివాడు. మధ్యలో నిలబడటం తేలికేం కాదని ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు.

నెల్లూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ. ఉంది. దానికి ఐసెట్ రాయాలి. విశ్వవిద్యాలయాల్లోని మిగతా పీజీ కోర్సులకు 2021 నుంచి ఉమ్మడిగా పీజీసెట్ పెడుతున్నారు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారూ ఈ రెండు పరీక్షలూ రాయవచ్చు.