మొక్కల వైరసులలో తొడుగు ప్రోటీను

తొడుగు ప్రోటీను అనగా వైరసు జన్యుపదార్థాన్ని చుట్టి ఉండే ప్రోటీను. దీనిని కవచ ప్రోటీను అని కూడా అంటారు. మొక్కల వైరసులలో అధిక భాగానికి జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. కణంలోని ఎంజైములు దానిని ముక్కలు చేయకుండా ఈ తొడుగు కాపాడుతుంది. అయితే దీని పని అంతటితో ముగియదు. 2000లో ఉమ్మడి అనంతపురం జిల్లా వేరుశనగ రైతులను దెబ్బతీసిన పొగాకు చారల వైరసు ఇందుకు మంచి ఉదాహరణ.

అనంతపురంలో తెగులు

ఆ ఖరీఫులో సుమారు 2,25,000 హెక్టార్ల వేరుశనగ కాండంకుళ్ళు వైరసు తెగులు బారిన పడింది. నష్టం 300 కోట్ల రూపాయలను మించినట్లు అంచనా. లేత ఆకులపై మచ్చలు ఏర్పడి, తొడిమలు, కాండం నల్లబడి, మొవ్వు ఎండిపోయేది. చూపునకు ఇది పాత మొవ్వుకుళ్ళు తెగులువలెనే ఉండటంతో మొదట అదేనని భావించారు. రెండింటి వ్యాప్తికీ తామర పురుగులే కారణం, కాని వైరసులు వేరు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఎలీసా పరీక్షతోను, తొడుగు ప్రోటీను జన్యువును పరిశీలించియు అసలు వైరసును గుర్తించారు. ఎలీసాలో ప్రతిరక్షకాలు పట్టుకొనేది తొడుగు ప్రోటీనునే.

సంక్రమణలో పాత్ర

పొగాకు మొజాయిక్ వైరసు తొడుగును పూర్తిగా తొలగించి, ఆర్‌ఎన్‌ఏను మాత్రమే ఆకుకు రుద్దినా రోగం వస్తుంది. ఈ సంగతి 1956లో నిరూపితమైంది. పొగాకు చారల వైరసు విషయంలో అలా జరగదు. దీని జన్యుపదార్థం మూడు ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉంటుంది. ఆ మూడింటినీ కలిపి ఇచ్చినా మొక్కకు రోగం రాదు. వాటితోపాటు కొద్దిపాటి తొడుగు ప్రోటీను గాని, దానిని తయారుచేసే నాలుగవ చిన్న ఆర్‌ఎన్‌ఏ గాని ఉండాలి. ప్రోటీను ఆర్‌ఎన్‌ఏ చివరి భాగానికి అతుక్కున్న తరువాతనే సంక్రమణ మొదలవుతుంది. విచిత్రమేమంటే, లూసర్న్ మొజాయిక్ వైరసు ప్రోటీనును అరువిచ్చినా సరిపోతుంది! తాళం ఒకరిది, చెవి మరొకరిది అన్నట్లు.

వ్యాప్తి

మొవ్వుకుళ్ళు వైరసు తామర పురుగు శరీరంలోనే వృద్ధి చెందుతుంది. చారల వైరసు అలా కాక, పుప్పొడితో ప్రయాణిస్తుంది. వయ్యారిభామ (కాంగ్రెసు గడ్డి) పుప్పొడి వేరుశనగ ఆకులపై పడినప్పుడు, పురుగు గీకిన గాయాల గుండా వైరసు లోనికి పోతుంది. నర్సీపట్నం మొదలుకొని రాష్ట్రమంతటా బాటల వెంట కనిపించే ఈ కలుపు మొక్కలో వైరసు ఉన్నా పైకి ఏ లక్షణమూ కనిపించదు. కనుక రోగం సోకిన వేరుశనగను పీకడం కంటె, గట్లపై వయ్యారిభామను పూతకు రాకముందే తీసివేయడం ముఖ్యం. చేను చుట్టూ జొన్న లేక సజ్జ సాళ్ళు వేస్తే గాలిలో వచ్చే పుప్పొడి, పురుగులు కొంతవరకు ఆగుతాయి.

నిరోధకతకు వినియోగం

1986లో అమెరికా శాస్త్రజ్ఞులు మొజాయిక్ వైరసు తొడుగు ప్రోటీను జన్యువును పొగాకు మొక్కలో ప్రవేశపెట్టగా, ఆ మొక్కలలో రోగం ఆలస్యంగా వచ్చింది, కొన్నింటిలో అసలు రాలేదు. ఇదే మార్గంలో రూపొందిన బొప్పాయి 1998 నుండి హవాయిలో సాగులో ఉన్నది.