తాళం తిప్పే ముందు సీటు

నేను ఎర్రుపాలెంలో కారు కిరాయికి నడుపుతాను. శనివారం వస్తే జమలాపురం వెంకటేశ్వరస్వామి గుడికి, మిగతా రోజుల్లో మధిరకు, ఖమ్మం, విజయవాడ ఆస్పత్రులకు, శ్రీరామనవమికి భద్రాచలానికి బండి కడతాను. కిరాయి మాట్లాడుకునేటప్పుడు ఏసీ పనిచేస్తుందా అని అడుగుతారు, కొందరైతే వంగి టైర్లు కూడా చూస్తారు. సీటు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అంతకుముందు ఎవరో వాల్చి వదిలేసిన సీటులోనే ఒరిగి, ఇక పోనీ అంటారు. బెల్టు, ఎయిర్‌బ్యాగు, హెడ్‌రెస్టు ఈ మూడింటినీ మనిషి సీటులో నిటారుగా, వీపు ఆనించి కూర్చుంటాడన్న లెక్క మీదే తయారుచేశారు. ఆ లెక్క తప్పితే మూడూ ఉండి కూడా మనకు అక్కరకు రావు. అందుకే బండి కదిలే ముందు ఎక్కిన ప్రతి ఒక్కరి సీటూ చూస్తాను. ఆలస్యమవుతోందని విసుక్కున్నా సరే చూస్తాను.

ముందు నడిపేవాళ్ల సంగతి. కూర్చోగానే నడుమును సీటు మూలకు ఆనేదాకా వెనక్కి జరపాలి. వెనక జేబులో పర్సు, ఫోను ఉంటే తీసెయ్యాలి. తర్వాత సీటు కింద ముందువైపున్న కడ్డీ ఎత్తి సీటును జరుపుకోవాలి. క్లచ్చు పూర్తిగా అడుగుదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. కాలు కర్రలా చాపుకుని తొక్కాల్సి వస్తే సీటు దూరంగా ఉన్నట్టు. క్లచ్చు లేని బండి అయితే బ్రేకు తొక్కి ఇదే చూసుకోవాలి. కడ్డీ వదిలాక సీటును ముందుకీ వెనక్కీ ఒకసారి ఊపి చూడండి. టక్కుమని లాక్ పడితే కదలదు. పాత బండ్లలో సీటు జారే పట్టాల్లో మట్టి, వేరుశనగ పొట్టు, చిల్లర డబ్బులు చేరి ఒకవైపు లాక్ పడి రెండోవైపు పడకుండా ఉంటుంది. పడినట్టే ఉంటుంది గానీ గట్టిగా బ్రేకు వేసిన క్షణాన సీటు జారిపోతుంది. అప్పుడు కాలు పెడలుకు అందదు.

తర్వాత సీటు వీపు. భుజాలు రెండూ ఆని ఉండగా చెయ్యి చాచితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద ఆనాలి. స్టీరింగు నడిమధ్యకూ మన రొమ్ము ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు మీద మరో రెండు వేళ్లు, దూరం ఉండాలి. ఎయిర్‌బ్యాగు కన్ను మూసి తెరిచేలోపే విచ్చుకుంటుంది. మరీ దగ్గరగా ఉన్నవాళ్లను అదే గట్టిగా కొడుతుంది. పొట్టివాళ్లు, కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలు బానెట్ కనపడటం లేదని స్టీరింగు మీదికి జరుగుతుంటారు. ఎత్తు పెంచే లివరు సీటుకు ఉంటే ముందు దాన్ని వాడాలి. సీటు కుదిరాకే అద్దాలు సర్దుకోవాలి. ముందే అద్దాలు తిప్పుకుంటే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. ఇంకో మాట, ఇదంతా బండి ఆగి ఉండగానే. పరుగు మీద ఉన్న బండిలో లివరు ఎత్తితే సీటు ఎటు జారుతుందో మన చేతిలో ఉండదు.

ఇక హెడ్‌రెస్టు. నాకు ఎక్కువ బాధ కలిగేది దీని దగ్గరే. అది తల వాల్చి కునుకు తియ్యడానికి పెట్టిన దిండని అందరూ అనుకుంటారు. హైదరాబాద్ పోతూ చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర వరుసలో ఆగి ఉన్నాం అనుకోండి. వెనక నుంచి లారీ వచ్చి తగిలింది. సీటు మన ఒంటిని ఒక్కసారిగా ముందుకు నెడుతుంది. తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. దాదాపు ఐదు కిలోల తల అది. ఒళ్లు ముందుకు, తల వెనక్కి అయ్యేసరికి మధ్యలో మెడ మెలిపడుతుంది. నరాలు, కండరాలు చిట్లి నెలల తరబడి నొప్పి, తల తిరగడం, చేతులు తిమ్మిరెక్కడం ఉంటాయి. బండికి చిన్న సొట్ట పడ్డ గుద్దుకు కూడా ఇంత జరగొచ్చు. తల వెనక్కి పడకుండా ఆపడమే హెడ్‌రెస్టు పని. అమెరికాలో 1969 జనవరి నుంచి కొత్త కార్ల ముందు సీట్లకు ఇది తప్పనిసరి చేశారు. మా తరం నడపడం నేర్చుకున్న చాలా అంబాసిడర్లలో వీపు సగానికే ఆగిపోయే సీట్లుండేవి. అలవాటు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది, ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టు.

దాని పైఅంచు మన నడినెత్తికి సమానంగా ఉండాలి. అంత ఎత్తు రాకపోతే కనీసం చెవుల పైభాగం దాటాలి. తల వెనకకూ దానికీ మధ్య నాలుగు వేళ్లకు మించి సందు ఉండకూడదు, ఎంత దగ్గరైతే అంత మేలు. మెడ దగ్గర ఆగిపోయిన హెడ్‌రెస్టు తలను ఆపకపోగా, మెడ దాని మీదుగా వెనక్కి విరిగేట్టు చేస్తుంది. పైకి లాగితే సాధారణంగా అదే వస్తుంది, ఒక్కో గాడి దగ్గర టిక్కుమంటుంది. కిందికి దించాలంటే కడ్డీ మొదట్లో ఉన్న చిన్న బటన్ నొక్కాలి. సర్దాక అరచేత్తో కిందికి అదిమి చూడండి, దిగిపోతే గాడిలో పడలేదన్నమాట. కొన్ని కార్లలో, ముఖ్యంగా తక్కువ ధర రకాల్లో, హెడ్‌రెస్టు సీటులోనే కలిసిపోయి ఉంటుంది, ఎత్తు మారదు. పొడుగువాళ్లు అలాంటి బండి కొనే ముందు కూర్చుని చూసుకోవాలి.

మా దగ్గర ఆడవాళ్లకు కొప్పు, క్లిప్పు, పూల చెండు అడ్డం వస్తాయి. "అయ్యా, ఇది తలను ముందుకు తోస్తోంది, తీసి పక్కన పెట్టు" అంటారు. కొందరు తీసి వెనక ముందు చేసి పెడతారు. తిప్పి పెడితే దాని వంపు తలకు దూరమవుతుంది, అసలు పనే పోతుంది. "పెద్దమ్మా, కొప్పు కొంచెం కిందికి వేసుకో, ఇది మాత్రం తియ్యను" అని చెబుతాను. క్లిప్పు తీసి సంచిలో వేసుకోమంటాను, గట్టి ప్లాస్టిక్ క్లిప్పు వెనక నుంచి తలలో దిగగలదు. వెనక సీట్లో కూర్చునేవాళ్లు ఎక్కగానే వాళ్ల హెడ్‌రెస్టు పైకి లాగుతాను. వెనక అద్దం కనపడాలని చాలామంది దాన్ని అడుగుదాకా దించి ఉంచుతారు. ఎవరూ కూర్చోనప్పుడు దించుకోవచ్చు, మనిషి ఉన్నప్పుడు దించి ఉంచకూడదు.

వానాకాలం వచ్చిందంటే ఫోన్లలో ఒక వీడియో తిరుగుతుంది: కారు నీళ్లలో పడితే హెడ్‌రెస్టు పీకి దాని కడ్డీలతో అద్దం పగలగొట్టండి, అందుకే దాన్ని ఊడేట్టు చేశారు అని. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మాన్ని ముంచెత్తడం చూసినవాళ్లం, మాకు ఆ భయం నిజమైనదే. కానీ హెడ్‌రెస్టు ఊడేది సీటు మడవడానికి, కవరు వేయడానికి, శుభ్రం చేయడానికి వీలుగా. కొన్ని బండ్లలో రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి, పైకప్పు తగలకుండా సీటు వాల్చాలి. నీళ్లు చేరుతున్న బండిలో ఇవన్నీ చేసే వ్యవధి ఉండదు. బెల్టు విప్పి, కరెంటు పనిచేస్తున్నంతలోనే పక్క అద్దం దించుకుని బయటపడాలి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవరు తలుపు జేబులో ఉంచుకుంటే మంచిది. నేను ఉంచుతాను. దానితో కొట్టాల్సింది పక్క అద్దాన్ని, ముందు అద్దం పగిలినా ఊడిరాదు.

ముందు ఎడమ సీటులో కూర్చునేవాళ్లకు ఇంకో అలవాటు. భద్రాచలం దర్శనం చేసుకుని రాత్రిపూట కొత్తగూడెం మీదుగా తిరిగొస్తుంటే సీటు పూర్తిగా వాల్చి, కొందరైతే కాళ్లు డాష్‌బోర్డు మీద పెట్టి పడుకుంటారు. బెల్టు పెట్టుకున్నాం కదా అంటారు. వాలిన మనిషికి భుజం బెల్టు గాలిలో వేలాడుతుంది. గుద్దుకున్నప్పుడు ఒళ్లు బెల్టు కింద నుంచి ముందుకు జారుతుంది, తుంటి ఎముకల మీద ఉండాల్సిన పట్టీ మెత్తటి పొట్ట మీదికి ఎక్కి పేగులను, కాలేయాన్ని కోస్తుంది. డాష్‌బోర్డు మీద కాళ్లుంటే ఎయిర్‌బ్యాగు ఆ మోకాళ్లను ముఖం మీదికే కొడుతుంది. నిద్ర వస్తే వెనక సీటులోకి మారి, నిటారుగా కూర్చుని బెల్టు పెట్టుకుని నిద్రపొమ్మంటాను. గర్భిణులు బెల్టు పెట్టుకోకూడదనే మాట కూడా తప్పు. కింది పట్టీ పొట్ట కిందుగా తుంటి మీద, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా రావాలి.

వెనక కూర్చుంటే బెల్టు అక్కర్లేదన్న నమ్మకం ఎంతమందిని తీసుకుపోయిందో. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను గుద్దుకుంది. బెల్టు పెట్టుకోకుండా వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు, ముందు ఇద్దరూ బతికారు. ఎక్కడ కూర్చున్నా బెల్టు లేకపోతే అంతే. మన దగ్గర 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ దగ్గర, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్పలను తప్పించబోయి కారు బోల్తా పడి రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డి చనిపోయారు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో నటుడు నందమూరి హరికృష్ణ కారు నడుపుతూ పోయారు. ఆ ఇద్దరూ బెల్టు లేక కారులోంచి బయట పడ్డవాళ్లే. కోతలప్పుడు మా రోడ్ల మీద కూడా వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు, చీకట్లో రాళ్లు అడ్డం పెట్టి ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం బెల్టు పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా, 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకుండా తిప్పినా అంతే. వెనక ఉన్నవాళ్లు విసురుగా వచ్చి ముందు సీటును గుద్దితే ఆ సీటులో ఉన్నవాళ్ల ప్రాణం కూడా పోవచ్చు. ఇది చెప్తే మాత్రం వెనకవాళ్లు వింటారు, తనకోసం పెట్టుకోని మనిషి ముందు కూర్చున్న కొడుకు కోసం పెట్టుకుంటాడు.

సీట్లు మడిచే పని పెళ్లిళ్లప్పుడు, మిరప కోతలప్పుడు ఎక్కువ. సారె సామాను, బియ్యం బస్తాలు, వాషింగ్ మెషీను, అన్నీ ఒకే బండిలో పట్టాలంటారు. వెనక సీటు మడవబోయేటప్పుడు ముందు సీటును కొంచెం ముందుకు జరపండి. హెడ్‌రెస్టు దించండి, లేదా తీసి బండిలోనే కదలకుండా పెట్టండి, ఇంటి దగ్గర వదిలేస్తే తిరుగు ప్రయాణంలో మనుషులు ఎక్కినప్పుడు ఉండదు. బెల్టును పక్కన ఉన్న క్లిప్పుకు తగిలించండి. లేకపోతే అది లాక్‌లో ఇరుక్కుని నలుగుతుంది, నలిగి చిట్లిన బెల్టును నమ్మడానికి లేదు. పైనున్న లివరు లాగి సీటును చేత్తో పట్టుకుని నెమ్మదిగా దించండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి, కీలు సందులో వేలు పెడితే నుజ్జయిపోతుంది. ఎర్టిగా, ఇన్నోవా లాంటి బండ్లలో మూడో వరుసకు దారి ఇవ్వడానికి నడిమి సీటు జరుగుతుంది, లేదా మడతపడుతుంది. ముసలివాళ్లు ఆ సీటునే పట్టుకుని ఎక్కబోతారు. లాక్ పడని సీటు అది, తూలిపోతారు. పైన ఉన్న పిడి పట్టుకోమని చెప్పి, నేను చెయ్యి అందిస్తాను.

తిరిగి నిలబెట్టేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. సీటు వీపును వెనక్కి తోస్తే టక్కుమనే శబ్దం రావాలి. చాలా బండ్లలో లాక్ పడకపోతే లివరు దగ్గర ఎర్ర గీత కనపడుతుంది. అదీ చూసి, పైఅంచు పట్టుకుని గట్టిగా ముందుకు లాగి చూడాలి. డిక్కీలో పెద్ద సామానుంటే సీటు నిలబడ్డట్టే ఉంటుంది గానీ లాక్ పడదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ గోడను గుద్దుకోవడమంటే మూడంతస్తుల మేడ మీది నుంచి పడటంతో సమానం. అప్పుడు డిక్కీలోని బస్తా మొత్తం ఆ లాక్ పడని సీటు మీదికి, అందులో కూర్చున్న మనిషి నడుము మీదికి వస్తుంది. అందుకే బరువైనవి అడుగున, సీటు వీపుకు ఆనించి పెడతాను, సీటు ఎత్తు దాటి పేర్చను, తాడుతో డిక్కీలోని కొక్కేలకు కడతాను. మడిచిన సీటు మీద, సామాను మధ్య పిల్లలను కూర్చోబెట్టమంటే ఒప్పుకోను. ఇంకో ఆటో మాట్లాడుకోండి, ఆ డబ్బులు నా కిరాయిలో తగ్గించుకోండి అంటాను.

కొత్త బండి కొన్నవాళ్లు వెంటనే చేసే పని సీటు కవర్లు వేయించడం. ముందు సీటు పక్కన, తలుపు వైపు, చిన్న గుడ్డ ముక్క మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉందేమో ముందు చూడండి. ఉంటే పక్క ఎయిర్‌బ్యాగు అక్కడి నుంచే సీటును చీల్చుకుని వస్తుంది. మందపాటి రెక్సిన్ కవరు దాన్ని ఆపేస్తుంది, లేదా దారి తప్పిస్తుంది. ఆ బండికే, ఆ చోటు తెరుచుకునేలా కుట్టిన కవరే అడగండి. హెడ్‌రెస్టుకు వేసే మెత్తటి మెడ దిండు తలను ముందుకు నెడుతుంటే అదీ వద్దు. పాత బండి కొంటుంటే వెనక హెడ్‌రెస్టులు అన్నీ ఉన్నాయా, పట్టాలు రెండువైపులా లాక్ పడుతున్నాయా, మడిచి నిలబెడితే టక్కుమంటోందా అని అమ్మేవాళ్ల ఎదుటే చూసుకోండి. ఇంజను చూపించడానికి మెకానిక్‌ను తీసుకెళ్తారు కదా, ఆయన చేత సీటు బోల్టులు కూడా చూపించండి.