కరువు కాలంలో విత్తనాలు

కలిమిలేములు కావడికుండలన్నారు పెద్దలు. ఇంట్లో రాబడి తగ్గితే ఇల్లాలు ఏ ఖర్చు తగ్గించాలా అని ఆలోచిస్తుంది. పెద్ద పెద్ద కంపెనీలు నడిపేవారికీ అదే చిక్కు. ఐతే యంత్రాలు తయారుచేసే కంపెనీకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ ఏడు పరిశోధన మానుకుంటే, నాలుగేళ్ళ తర్వాత అమ్ముకోవడానికి కొత్త సరుకుండదు. నేర్పుగల పనివాణ్ణి ఒకసారి పంపేస్తే మళ్ళీ దొరకడు. ఆకలేస్తున్నదని విత్తనాల వడ్లు దంచుకోవచ్చునా? దంచుకోకపోతే అందాకా బతికేదెలా?

ఈ ప్రశ్నకు అమెరికాలో థామస్ వాట్సన్ చెప్పిన జవాబు తెలుసుకోదగ్గది. ఆయన 1914లో వచ్చి చేరిన కంపెనీకే 1924లో ఐ.బి.ఎం. అని పేరు వచ్చింది. అప్పటికింకా కంప్యూటర్లు లేవు. కార్డులకు చిల్లులు పొడిచి, ఆ చిల్లులను బట్టి లెక్కలు కట్టే యంత్రాలు ఆ కంపెనీ తయారుచేసేది.

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కుప్పకూలింది. 1933 నాటికి అమెరికాలో ఇంచుమించు నలుగురు పనివాళ్ళలో ఒకరికి పనిలేదు. కొత్త యంత్రాలడిగే నాథుడు లేడు. ఐనా వాట్సన్ ఫ్యాక్టరీలు మూయలేదు. యంత్రాలూ, విడిభాగాలూ తయారుచేయించి గిడ్డంగులు నింపాడు. పైగా ఎండికాట్ అనే ఊళ్ళో పరిశోధనశాలకు పది లక్షల డాలర్లు వెచ్చించాడు!

ఇది వట్టి మొండి ధైర్యం కాదు. ఐ.బి.ఎం. తన యంత్రాలను అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. వాటికి కావలసిన కార్డులు కూడా తానే అమ్మేది. కాబట్టి కొత్త బేరాలు తగ్గినా, పాత అద్దెలు వస్తూనే ఉన్నాయి.

1935 ఆగస్టులో అమెరికాలో సాంఘిక భద్రతా చట్టం వచ్చింది. రెండు కోట్ల అరవై లక్షల మంది జీతాల లెక్కలు ప్రభుత్వం రాయవలసివచ్చింది. అంత పని అందుకోగల యంత్రాలు ఐ.బి.ఎం. దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆ చట్టమే రాకపోతే? ఆ నిండు గిడ్డంగులే కంపెనీని ముంచినా ముంచేవి. కలిసివస్తే దూరదృష్టి అంటాం, బెడిసికొడితే మూర్ఖత్వం అంటాం.

అన్నీ దాచుకోవడమే తెలివి అనుకోరాదు. 1985లో ఇంటెల్ కంపెనీ సంగతి చూడండి. చిప్పుల వ్యాపారం మందగించింది. జపాను పోటీ ముమ్మరమైంది. 1968లో కంపెనీ పుట్టిందే జ్ఞాపకశక్తి చిప్పుల కోసం. గోర్డన్ మూర్, ఆండీ గ్రోవ్ గుండె రాయి చేసుకుని వాటినే వదులుకున్నారు. కంప్యూటరుకు మెదడువంటి మైక్రోప్రాసెసర్ మీద భారం వేశారు. అదే కంపెనీని నిలబెట్టింది. కాని ఆ మార్పులో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలమందికి ఉద్యోగాలు పోయాయి. కంపెనీ గట్టెక్కిందన్న సంతోషం ఆ ఇళ్ళకు చేరలేదు.

ఏవి విత్తనాలో, ఏవి తాలు గింజలో పంట చేతికి వచ్చాక ఎవరైనా చెబుతారు. కరువు నడుమ నిలబడి చెప్పవలసిరావడమే నాయకుడి కష్టం. ఆ లెక్క తప్పితే, ముందు ఆరేది చిన్న ఉద్యోగి ఇంటి పొయ్యి.