ప్రోనోటు మీద పేరెవరిది?

"వదినా, నీకో మెసేజీ పంపాను, ఒక్కసారి చూడు" అని రాజోలు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసేసరికి నేను వంటింట్లో పనసపొట్టు కొడుతున్నాను. చెయ్యి తుడుచుకుని వాట్సాప్ తెరిచి చూద్దును కదా, మా పక్కింటావిడ ఫొటో! పక్కనే ఆధార్ కార్డు. కింద 'ఈమె దొంగ, అప్పు ఎగ్గొట్టింది' అని వచ్చీరాని తెలుగులో రాత. ఎప్పుడో మా ఇంట్లో పేరంటంలో కలిసి ఇద్దరూ ఫోన్ నెంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. అంతే వాళ్ళ పరిచయం.

చేతిలో పని వదిలేసి వెళ్ళాను. తలుపులు మూసుకుని కూర్చుంది. "చేతికొచ్చింది మూడు వేలేనండీ అక్కగారూ" అని ఒకటే ఏడుపు.

కూతురి హాస్టల్ ఫీజుకి గడువు దగ్గరపడింది. కొబ్బరి దింపుకి ఇంకా మూడు వారాలుంది. మొగుణ్ణి అడిగితే ఎక్కడ తెస్తాడు పాపం, అనుకుంది. ఫోన్‌లో 'ఆధార్, పాన్ ఉంటే చాలు, అయిదు నిమిషాల్లో లోను' అని కనిపించింది. అయిదు వేలు అడిగితే రెండు వేలు ముందే 'చార్జీలు' అని కోసుకుని మూడు వేలు వేశారు. ఏడో రోజుకి అయిదు వేలూ కట్టమన్నారు. కట్టలేక ఇంకో యాప్‌లో తీసుకుంది. దాన్ని తీర్చడానికి మరొకటి. నెల తిరిగేసరికి నాలుగు యాప్‌లు!

మన కోనసీమలో వడ్డీ లెక్క చిన్నపిల్లలకి కూడా తెలుసు. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకి రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే మామూలు. అయిదు రూపాయలంటే "అమ్మో" అంటాం. మరి మూడు వేలకి వారంలో రెండు వేలంటే? నేను కాగితం మీద వేసి చూపించాను. నూటికి నెలకి 285 రూపాయల వడ్డీ! ఆవిడ ఏడుపు ఆపి ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయింది.

"మా ఆయనకి చెప్పకండి. తిడతారని కాదు, ఆయనేవన్నా చేసుకుంటారేమోనని" అంది. నా గుండె గుభేలుమంది. 2022 సెప్టెంబర్‌లో రాజమహేంద్రవరంలో లోన్ యాప్ వేధింపులు భరించలేక భార్యాభర్తలిద్దరూ ప్రాణాలు తీసుకున్న సంగతి మనం మరిచిపోయామా? ఇద్దరు పసిపిల్లలు మిగిలారు.

ఇలాంటి వాళ్ళని పట్టుకోవడానికి మన రాష్ట్రంలో చట్టాలే లేవా అంటారేమో. లేకేం! కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1943లో, తాకట్టు వ్యాపారులు లైసెన్సు తీసుకుని తీరాలని చట్టం చేశారు. 2010లో మైక్రో ఫైనాన్స్ వాళ్ళు వారం వారం ఇళ్ళ ముందు కూర్చుని వసూళ్ళు చేస్తుంటే, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అక్టోబర్‌లో ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసింది. వడ్డీ అసలుని మించకూడదంది. జిల్లాలో రిజిస్టరు కావాలంది.

అక్కడే మెలిక ఉంది. 2022 మే 10న సుప్రీం కోర్టు కేరళ, గుజరాత్ చట్టాలకి సంబంధించిన కేసుల్లో తీర్పు చెప్పింది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఎన్‌బిఎఫ్‌సిలకి, అంటే బ్యాంకు కాని ఫైనాన్సు కంపెనీలకి, రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవంది. మన మైక్రో ఫైనాన్స్ చట్టం విషయంలో తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో ఇదే మాటంది. అంటే ఫోన్‌లో అప్పిచ్చేది నమోదైన కంపెనీ అయితే దాని మీద పెత్తనం రిజర్వు బ్యాంకుది. నమోదు కానివాడు చట్టానికి అతీతుడేం కాదు గానీ, వాడెక్కడున్నాడో తెలిస్తే కదా పట్టుకునేది! ఊళ్ళో ప్రోనోటు రాస్తే అప్పిచ్చినవాడి పేరు దాని మీద ఉంటుంది. ఈ యాప్‌లలో ఆ పేరే ఉండదు. మావిడ నాలుగు యాప్‌లూ వెతికాం. ఒక్కదాంట్లోనూ కంపెనీ పేరు లేదు.

2022 సెప్టెంబర్‌లో ఒకసారి, 2025 మే 8న మరింత వివరంగా రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. అప్పు సొమ్ము కంపెనీ ఖాతా నుంచి నేరుగా మన ఖాతాలోకే రావాలి. మనం కట్టేదీ నేరుగా ఆ కంపెనీకే. మధ్యలో యాప్ వాడి ఖాతా ఉండకూడదు. మన ఫోన్‌లోని నెంబర్లు, ఫొటోలు వాడు ముట్టుకోకూడదు. సంతకానికి ముందే ఖర్చులన్నీ కలిపిన ఏడాది వడ్డీ శాతం కాగితం మీద చూపించాలి. దాన్ని పన్నెండుతో భాగించండి, మనకి తెలిసిన రూపాయల వడ్డీ వచ్చేస్తుంది! తీసుకున్నాక మనసు మారితే కనీసం ఒక రోజు వ్యవధి ఉంటుంది. ఆలోగా అసలు, ఆ రోజుల వడ్డీ ఇచ్చేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు. నమోదైన కంపెనీల తరఫున పనిచేసే యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో పెట్టారు. ఆ కంపెనీ ముప్ఫై రోజుల్లో మన ఫిర్యాదు తీర్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. ఇవన్నీ పేరున్నవాడి సంగతి. పేరు లేనివాడు బెదిరించినా, ఫొటోలు మార్ఫింగ్ చేసినా అది పోలీసు కేసే. అప్పు బాకీ ఉన్నాం కదా అని నోరు మూసుకోనక్కర్లేదు.

ఆ సాయంత్రం ముందుగా వాళ్ళాయనకి చెప్పాం. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్తే నా వాచీ అమ్మేవాణ్ణి కదే" అన్నాడు. మెసేజీలు, డబ్బు పంపిన రసీదులు చెరపకుండా దాచి, 1930కి ఫోన్ చేశాం. మర్నాడు అమలాపురం పోలీసు స్టేషన్‌కి నేనూ వెళ్ళాను. డ్వాక్రా గ్రూపు మీటింగులో ఆవిడే లేచి జరిగింది చెప్పింది. ఇంకో ఇద్దరు తల దించుకున్నారు. మీటింగయ్యాక ఆ ఇద్దరూ మా ఇంటికొచ్చారు. అర్జెంటుగా డబ్బు కావలిస్తే 2011 నుంచి గ్రూపు ఆడవాళ్ళకి అప్పిస్తున్న స్త్రీనిధి ఉంది. దాన్ని అడగాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదట. తోచకేం, గ్రూపులో అడిగితే నలుగురికీ తెలుస్తుందని. ఈ యాప్‌ల వాళ్ళకి పెట్టుబడి మన ఈ మొహమాటమే!

ఫోన్లు మరో రెండు వారాలు వస్తూనే ఉన్నాయి, రోజుకో నెంబరు నుంచి. ఒకసారి నేనే తీశాను. "మీ కంపెనీ పేరేంటి బాబూ? రిజర్వు బ్యాంకులో రిజిస్ట్రేషన్ నెంబరెంత?" అన్నాను. ఓ బూతు మాట అని పెట్టేశాడు.